‘ఎవరి సత్యం వాళ్లది’ అన్నప్పుడు ఏం జవాబు చెప్పాలి: పోస్ట్‌మోడర్న్ ప్రశ్నల ముందు క్రైస్తవ కుటుంబాలు, సంఘాలు చేయదగిన పనులు

క్రిస్మస్ సెలవులకు పిల్లలు ఊరికి వస్తారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎంఏ చదువుతున్న అమ్మాయి, రాత్రి కుటుంబ ప్రార్థనకు అందరూ చాప మీద కూర్చున్నాక, "నాన్నా, అది నీ సత్యం. నాకు అలా అనిపించడం లేదు. ఎవరి సత్యం వాళ్లది కదా" అంటుంది. ఇంట్లో ఎవరికీ ఏం చెప్పాలో తోచదు. నాన్న ఒక వాక్యం తీసి కాస్త గట్టిగా చదువుతాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. తెల్లవారగానే పాస్టర్ గారికి ఫోన్ వెళ్తుంది: "అయ్యగారూ, పిల్ల పెద్ద చదువులు చదివి విశ్వాసం పోగొట్టుకుంది. ఒకసారి వచ్చి మాట్లాడండి."

ఇలాంటి ఫోన్లు నాకూ వస్తుంటాయి. నేను పాస్టర్ని కాను. మా సంఘంలో యవ్వనస్థుల కూడిక నడుపుతాను, పదిహేనేళ్లు దాటింది. కాలేజీల్లో పోస్ట్‌మోడర్నిజం అనీ, మన సాహిత్య పత్రికల్లో ఉత్తరాధునికత అనీ పిలిచే ఆలోచన ఇప్పుడు పుస్తకాల్లో మాత్రమే లేదు, మన పిల్లల రోజువారీ మాటల్లోకి వచ్చేసింది. దాని ముందు ఎలా నిలబడాలో నేను నెమ్మదిగా నేర్చుకున్నాను, కొంత నా తప్పుల వల్లే. ఒక వరుసలో చెబుతాను. ఆ వరుసంతా మొదటి రాత్రే పూర్తి చేయాలని మాత్రం చూడకండి. ఇందులో కొన్ని పనులకు ఒక సాయంత్రం చాలు, కొన్నింటికి ఏళ్లు పడతాయి.

మొదట, అసలు ప్రశ్న ఏమిటో తెలుసుకోండి

"ఎవరి సత్యం వాళ్లది" అని నలుగురు అంటే, ఆ నలుగురి మనసులో నాలుగు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. ఒకరు నిజంగానే తత్వశాస్త్రం మాట్లాడుతున్నారు: మనిషి తన భాష, తన సంస్కృతి దాటి బయటి నుంచి దేన్నీ చూడలేడని వాళ్ల వాదన. ఇంకొకరికి హాస్టల్‌లో పక్క మంచం అమ్మాయి ముస్లిం, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుని చూసుకున్న స్నేహితురాలు. ఆమె నమ్మకం తప్పు అని చెప్పడానికి నోరు రావడం లేదు. మరొకరు దేవుడి పేరు చెప్పి పెద్దలు పెత్తనం చేయడం కళ్లారా చూశారు. నాలుగో వ్యక్తికి, ఒకే బైబిల్ పట్టుకుని వీధికి మూడు సంఘాలు మూడు రకాలుగా చెబుతుంటే విసుగు పుట్టింది.

వీటికి జవాబులు నాలుగూ వేరు. కాబట్టి మీరు ఏమీ చెప్పకముందే రెండు ప్రశ్నలు అడగండి. "నీకు ఇలా ఎప్పటి నుంచి అనిపిస్తోందమ్మా?" అనేది మొదటిది. "ఏం జరిగాక అలా అనిపించింది?" అనేది రెండోది. ఆ తర్వాత పది నిమిషాలు మాట్లాడకుండా వినండి. మధ్యలో బైబిల్ తెరవకండి.

ఇది నేను నేర్చుకున్న తీరు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక అమ్మాయి మా కూడికలో లేచి, "సత్యం ఏమిటో నిర్ణయించే అధికారం పాస్టర్ గారికీ సంఘ పెద్దలకూ ఎవరిచ్చారు?" అని అడిగింది. నాకు అప్పటికి ఈ విషయం మీద నాలుగు పుస్తకాలు చదివిన ఉత్సాహం ఉంది. "సత్యమంటూ లేదు అన్న నీ మాట సత్యమా, కాదా?" అని మొదలుపెట్టి ఇరవై నిమిషాల్లో ఆమెను మాట్లాడనివ్వకుండా చేశాను. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి ఆదివారం ఆమె రాలేదు, దాదాపు రెండేళ్లు రాలేదు. ఒక పెళ్లిలో కనిపించినప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ల సొంత ఊళ్లో నాయనమ్మ చనిపోతే, మూడేళ్ల చందా బాకీ ఉందని అక్కడి సంఘ పెద్దలు సమాధుల తోటలో చోటివ్వలేదట. యాభై ఏళ్లు ఆ మందిరం ఊడ్చిన మనిషి ఆమె. ఆ అమ్మాయి ఆ రోజు నన్ను అడిగింది నాయనమ్మ గురించి. నేను జవాబు చెప్పింది ఫ్రెంచి తత్వవేత్తలకు.

ఈ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చదవండి

కొంచెం చాలు. మీరు ప్రొఫెసర్ కానక్కర్లేదు. కానీ "ఇదంతా సాతాను పని" అనేసి పక్కన పెడితే, చదువుకుంటున్న పిల్లకు మీ మాట మీద గౌరవం పోతుంది.

పోస్ట్‌మోడర్న్ అనే మాటను తత్వశాస్త్రంలో స్థిరపరిచింది ఫ్రాన్స్‌కు చెందిన ఝాన్ ఫ్రాంస్వా లియోతార్. 1979లో, కెనడాలోని క్యూబెక్ ప్రభుత్వానికి చెందిన విశ్వవిద్యాలయాల మండలి అడిగితే, కంప్యూటర్ల కాలంలో జ్ఞానం ఏ స్థితిలో ఉందో ఒక నివేదిక రాశాడు. మహా కథనాల మీద నమ్మకం పోవడమే పోస్ట్‌మోడర్న్ లక్షణం అన్నాడు. మహా కథనం అంటే, చరిత్ర మొత్తం ఎటు పోతోందో చెప్పి, అందులో ప్రతి మనిషికీ చోటు ఖాయం చేసే పెద్ద కథ. సైన్సు వల్ల మానవజాతి రోజురోజుకూ మెరుగవుతుంది అనేది అలాంటి కథ. విప్లవం వస్తే వర్గాలు లేని సమాజం వస్తుంది అనేది ఇంకొకటి.

లియోతార్ యువకుడిగా ఉన్నప్పుడు అల్జీరియాలో పాఠాలు చెప్పాడు. అప్పుడది ఫ్రాన్స్ పాలనలో ఉంది. నాగరికత నేర్పుతున్నామని చెప్పుకుంటూ తన దేశం అక్కడ ఏం చేస్తోందో దగ్గర నుంచి చూశాడు. తర్వాత చాలా ఏళ్లు మార్క్సిస్టు బృందంలో పని చేసి, ఆ కథ మీద కూడా నమ్మకం పోయి బయటికొచ్చాడు. భాషలో అర్థం ఎప్పుడూ పూర్తిగా నిలకడగా ఉండదని వాదించిన ఝాక్ దెరిదా అల్జీరియాలోనే 1930లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1942లో, పన్నెండేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు, యూదుడన్న ఒక్క కారణంతో బడి నుంచి పంపేశారు. మరో ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో జైళ్ల చరిత్ర మీద 1975లో రాసిన పుస్తకంలో, మనిషి గురించి తెలుసుకోవడమూ మనిషిని అదుపులో పెట్టడమూ చేయీ చేయీ కలిపి నడుస్తాయని చూపించాడు.

వీళ్లు చెప్పినవన్నీ నేను ఒప్పుకోను, ఎక్కడ ఒప్పుకోనో తర్వాత చెబుతాను. కానీ ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. గొప్ప కథలు చెప్పినవాళ్ల చేతుల్లో మనుషులు నలిగిపోవడం చూసిన శతాబ్దంలో పుట్టింది.

మన దగ్గర కూడా ఇలాంటి ప్రశ్న వచ్చింది, దానికి ఫ్రెంచివాళ్ల అవసరం రాలేదు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల హత్యలు జరిగాక దళిత కవులు, రచయితలు అడిగారు: అందరి విముక్తి గురించి చెప్పే మీ పెద్ద కథలో మా కథ ఏది? స్త్రీవాద రచయిత్రులు కూడా దాదాపు అదే అడిగారు. అడిగినవాళ్లలో చర్చి నీడన పెరిగినవాళ్లూ ఉన్నారు. మీ అమ్మాయి ఆ కవిత్వం క్లాసులో చదివి ఉంటుంది. ఆమె ప్రశ్నను ఎక్కడో విదేశాల్లో పుట్టిన జబ్బుగా చూడకండి.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకోండి

మన మనుషులకు ఎక్కువ కష్టమైనది ఇదే అని నా అనుభవం. ఒప్పుకుంటే ఓడిపోయినట్టు అనుకుంటాం. కానీ ఇందులో ఒప్పుకోవలసినవి రెండూ మన బైబిల్‌లో ముందే ఉన్నాయి.

ఒకటి, మనం చూసేది కొంతే. అద్దంలో మసకగా చూస్తున్నాం, కొంత మట్టుకే ఎరుగుదుం అని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ కాలపు అద్దం కంచుతో చేసిన పలక, ముఖం మసకగానే కనిపించేది. "నాకు అన్నీ తెలుసు" అనే క్రైస్తవుడు పౌలు కంటే ఎక్కువ చెప్పుకుంటున్నాడు. కాబట్టి మీ అమ్మాయితో ధైర్యంగా అనండి: "నేను చూసింది కొంతే తల్లీ. నా కులం, నా ఊరు, నేను పెరిగిన తీరు నా చూపులో కలిసే ఉంటాయి." ఆ మాట విని ఆమె ఆశ్చర్యపోవడం మీరు చూస్తారు.

రెండోది, అధికారం చేతిలో ఉన్నవాళ్లు సత్యాన్ని వాడుకుంటారు. దీనికి సాక్ష్యం మన చరిత్రలోనే కావలసినంత ఉంది. 1807లో లండన్‌లో, బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసమని ఒక బైబిల్ అచ్చు వేశారు. మోషే ఇశ్రాయేలీయులను ఐగుప్తు బానిసత్వం నుంచి బయటికి నడిపించిన కథను అందులో నుంచి తీసేశారు. క్రీస్తులో దాసుడనీ స్వతంత్రుడనీ భేదం లేదని గలతీయులకు రాసిన మాట కూడా తీసేశారు. ఇది తెలిసిన విద్యార్థి మీ ముందుంటే, తల వంచి ఒప్పుకోండి. "వాళ్లు నిజమైన క్రైస్తవులు కారు" అని తప్పించుకోకండి. వాళ్లు ప్రార్థన చేసేవాళ్లే, మన పాటలే పాడేవాళ్లే.

అలా ఒప్పుకున్నాక, ఇంకొక ప్రశ్న మెల్లగా ముందు పెట్టవచ్చు. బైబిల్ యజమానుల చేతిలో పనిముట్టు మాత్రమే అయితే, వాళ్లు కత్తెర ఎందుకు పట్టుకోవలసి వచ్చింది? ఉన్నది ఉన్నట్టు బానిసల చేతికి ఇవ్వడానికి ఎందుకు భయపడ్డారు? రాజు దావీదు ఒక మనిషి భార్యను తీసుకుని ఆ మనిషిని చంపిస్తే, నాతాను ప్రవక్త వెళ్లి గొర్రెపిల్ల కథ చెప్పి "ఆ మనిషివి నువ్వే" అన్నది ఈ పుస్తకంలోనే. ద్రాక్షతోట కోసం నాబోతు ప్రాణం పోయేలా రాజు అహాబు చేసిన పని, దాని మీద ఏలీయా పలికిన తీర్పు ఇందులోనివే. పెత్తనాన్ని అనుమానించడం ఫూకో కంటే చాలా ముందు ప్రవక్తలు చేసిన పని.

మన నేల మీద సేవ చేసిన మనిషి సంగతి ఒకటి చెబుతాను. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దోర్నకల్ ప్రాంతంలో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్య అక్కడ లేచి, మిషనరీలు తమ ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, అందుకు మేం కృతజ్ఞులం అని చెప్పి, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగాడు. తెల్ల మిషనరీలు భారతీయ విశ్వాసులను సమానంగా కూర్చోబెట్టుకోవడం లేదని నేరుగా చెప్పినట్టే. సభలో చాలామందికి నచ్చలేదు. రెండేళ్ల తర్వాత, 1912లో, ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన విశ్వాసం వదిలి ఆ మాట అనలేదు. విశ్వాసం వల్లే అన్నాడు. ప్రశ్నిస్తున్న పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. సంఘాన్ని ప్రేమిస్తూనే సంఘాన్ని ప్రశ్నించిన పెద్దలు మనకున్నారని వాళ్లకు తెలియాలి.

ఇక్కడ మాత్రం వంగకండి

ఒప్పుకోవడం అలవాటయ్యాక ఒక ప్రమాదం ఉంది. అన్నీ ఒప్పుకుంటూ పోయి, చివరికి "అవునమ్మా, ఏదైనా ఒకటే" అనేస్తాం. అక్కడ ఆగాలి.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ రోజు గురించి ఆ ఊళ్లో రెండు పక్షాలూ రెండు కథలు చెప్పగలవు. 2007లో ప్రత్యేక కోర్టు ఒక తీర్పు ఇచ్చింది, 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కానీ భర్తను పోగొట్టుకున్న ఆమె దగ్గరికి వెళ్లి "మీ సత్యం మీది, వాళ్ల సత్యం వాళ్లది" అని మనం అనగలమా? ఆ మాట ఎవరికి మేలు చేస్తుందో ఆలోచించమని మీ అమ్మాయిని అడగండి. బలమున్నవాడికి సత్యం లేకపోయినా గడిచిపోతుంది, బలం ఉంది కాబట్టి. దెబ్బ తిన్నవాడికి ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు బయటపడటం కావాలి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిశాక ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన కమిషన్ ఏర్పాటు చేసి 1996లో విచారణలు మొదలుపెట్టినప్పుడు, దాని పేరులో సయోధ్య కంటే ముందు సత్యం అనే మాట పెట్టుకున్నారు.

యోహాను సువార్తలో "సత్యమనగా ఏమిటి?" అని అడిగింది ఎవరో గుర్తు చేసుకోండి. రోమా అధిపతి పిలాతు. అడిగి, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్లిపోయాడు. చేతులు కట్టించుకుని ఆయన ముందు నిలబడి ఉన్నది యేసు. మన వైపు నుంచి చెప్పుకోవలసిన సత్యం సింహాసనం మీద లేదు, బోనులో ఉంది. అధికారమంటే భయపడే మనిషికి ఈ దృశ్యం చూపించడం కంటే మంచి జవాబు నాకింతవరకు దొరకలేదు. చదివి వినిపించి, వివరణ లేకుండా వదిలేయండి.

ఏనుగూ గుడ్డివాళ్ల కథ కూడా తప్పకుండా వస్తుంది. ఒకడు తోక పట్టుకుని తాడన్నాడు, ఒకడు చెవి పట్టుకుని చేట అన్నాడు, మతాలన్నీ అంతే అంటారు. దీనికి లెస్లీ న్యూబిగిన్ చెప్పిన జవాబు నేర్చుకోండి. ఆయన ఇంగ్లండులో పుట్టి, 1936లో తమిళనాడుకు వచ్చి, కాంచీపురంలో రామకృష్ణ మిషన్ సాధువులతో కూర్చుని ఉపనిషత్తునూ యోహాను సువార్తనూ కలిసి చదివినవాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు తొలి బిషప్పుల్లో ఒకడు. ఇతర మతస్థులను చిన్నచూపు చూసే మనిషి కాదు. ఆయన అన్నది ఇది: ఆ కథ చెప్పేవాడికి ఏనుగు మొత్తం కనిపిస్తోంది కదా, లేకపోతే మిగతావాళ్లంతా గుడ్డివాళ్లని ఎలా తెలిసింది? వినయంగా వినిపించే ఆ కథలో, లోకంలోని మతాలన్నిటి కంటే తనకు ఎక్కువ తెలుసు అనే మాట దాగి ఉంది. ఈ జవాబు బలమైనది. అందుకే చిరునవ్వుతో, నెమ్మదిగా చెప్పండి. నేను ఆ రోజు కొట్టినట్టు కొట్టకండి.

హాస్టల్ స్నేహితురాలి సంగతికి కూడా ఇక్కడే జవాబు ఉంది. యేసు మృతుల్లో నుంచి లేచాడని నమ్మడమంటే స్నేహితురాలి మంచితనాన్ని కాదనడం కాదు. ఆ మంచితనానికి కూడా మూలం దేవుడే అని చెప్పవచ్చు. కానీ పునరుత్థానం జరిగిందా లేదా అనేది అభిరుచుల సంగతి కాదు. ఐదువందల మందికి పైగా సహోదరులు ఆయనను చూశారని, వాళ్లలో ఎక్కువ మంది ఇంకా బతికే ఉన్నారని పౌలు రాశాడు. అంటే, కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టే. అది జరగకపోతే మన విశ్వాసం వ్యర్థమని కూడా ఆయనే ఒప్పుకున్నాడు.

కలిసి చదవండి: కరువు ఎవరి కంటికి కనిపించింది?

"బైబిల్‌కి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు" అనేవాళ్ల కోసం ఈ పని. ఒక సాయంత్రం ఐదారుగురు కూర్చోండి. తప్పిపోయిన కుమారుని కథ, లూకా 15, ఒకసారి చదివి పుస్తకాలు మూసేయండి. తర్వాత ఒక్కొక్కరూ కథను సొంత మాటల్లో చెప్పాలి. ఎవరు ఏం వదిలేశారో ఒకరు రాసుకోవాలి.

ఇది మార్క్ ఎలన్ పవెల్ అనే అమెరికా బైబిల్ పండితుడు చేసిన ప్రయోగం. అమెరికాలో వందమంది విద్యార్థులతో చెప్పిస్తే, ఆ దేశంలో గొప్ప కరువు వచ్చిందన్న మాటను గుర్తుంచుకుని చెప్పినవాళ్లు ఆరుగురే. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యాభై మందితో చెప్పిస్తే నలభై ఇద్దరు కరువు గురించి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో ముట్టడి వల్ల ఆకలితో లక్షల మంది చనిపోయిన నగరం అది. కడుపు నిండినవాళ్లకు ఆ కుర్రాడు డబ్బు తగలేయడం కనిపించింది. ఆకలి ఎరిగినవాళ్లకు కరువు కనిపించింది.

చూసే చోటును బట్టి చదివే తీరు మారుతుందని పోస్ట్‌మోడర్న్ పాఠకుడు చెప్పేది ఇక్కడ నిజమే. కానీ పుస్తకం మళ్లీ తెరవండి. పద్నాలుగో వచనంలో కరువు ఉంది. అమెరికా విద్యార్థి చూసినా చూడకపోయినా ఉంది. రష్యా పాఠకులు దాన్ని తయారు చేయలేదు, మనం వదిలేసింది మనకు చూపించారు. అందుకే కలిసి చదవాలి. వాక్యం నా చదువును సరిదిద్దగలదు, పక్కవాడి నోటి నుంచి.

మన తాతలైతే ఆ కరువును వదిలేసేవాళ్లు కాదు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చేసిన కరువులో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మీ ఇంట్లో ముసలివాళ్లుంటే చదివే కూడికలో తప్పకుండా కూర్చోబెట్టండి. కూలికి వెళ్లే అక్కను పిలవండి. ఇంటర్ చదివే కుర్రాడిని పిలవండి. పాస్టర్ గారు వస్తే చివర మాట్లాడమనండి.

ఇంకొక మాట. సువార్తలు నాలుగు ఎందుకు, ఒకటి చాలదా అని పిల్లలు అడుగుతారు. రెండో శతాబ్దంలో తతియను అనే ఆయన నాలుగింటినీ కలిపి ఒకే కథగా అల్లాడు. సిరియా ప్రాంతపు సంఘాలు చాలాకాలం దాన్నే చదివాయి. ఐదో శతాబ్దంలో థియోదొరేతు అనే బిషప్ తన ప్రాంతంలో ఆ పుస్తకం ప్రతులు రెండువందలకు పైగా తొలగించి, వాటి చోట నాలుగు సువార్తలు పెట్టించాడు. ఒక్క నునుపైన కథ కంటే నలుగురు సాక్షుల నాలుగు చూపులే సంఘం నిలుపుకుంది. నలుగురు చూసింది మాత్రం ఒక్క యేసునే.

సాక్ష్యం చెప్పేటప్పుడు

సాక్ష్యం చెప్పడం మనకు అలవాటే. అయితే మందిరంలో మనవాళ్ల ముందు చెప్పే సాక్ష్యం అనుమానంతో వినే మనిషికి పనికిరాదు. యేసు చూపు ఇచ్చిన పుట్టు గుడ్డివాడు పరిసయ్యుల ముందు చెప్పినట్టు చెప్పండి: ఆయన పాపియో కాదో నాకు తెలియదు, ఒకటి మాత్రం తెలుసు, గుడ్డివాణ్ని, ఇప్పుడు చూస్తున్నాను. తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు.

ఐదు నిమిషాలు దాటకండి. డాక్టర్లు చేతులెత్తేశారు అని చెప్పే ముందు, నిజంగా ఎత్తేశారో లేదో గుర్తు తెచ్చుకోండి. చిన్న అతిశయోక్తి చాలు, వినేవాడు మిగతాదంతా పక్కన పెట్టేస్తాడు. దేవుడు జవాబివ్వని ప్రార్థన ఒకటైనా చెప్పండి. మా అన్నయ్య కోసం నలభై రోజులు ఉపవాసం చేశాను, ఆయన బతకలేదు. ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టాకే పిల్లలు నా దగ్గరికి వచ్చి కూర్చోవడం మొదలైంది. ఇతరుల దేవుళ్ల గురించి ఒక్క తక్కువ మాట కూడా వద్దు. అయిపోయాక "మరి నువ్వు ఏమంటావు?" అని ఒత్తిడి చేయకండి. టీ ఇవ్వండి.

మీ సంఘం లోపల

మంచి వార్తను లోకానికి అర్థం చేయించేది దాని ప్రకారం బతికే సంఘమే అని న్యూబిగిన్ చివరి వరకూ చెప్పాడు. పెత్తనం గురించి అడిగిన పిల్లకు మీరు చెప్పే జవాబును ఆమె మీ మందిరంలో సరిచూసుకుంటుంది. కాబట్టి మీరు సంఘ పెద్ద అయితే ఈ పనులు మీవే.

కానుకల లెక్కలు ఏడాదికి ఒకసారైనా అందరికీ అర్థమయ్యేలా గోడ మీద పెట్టండి. సమాధుల తోటలో చోటుకీ చందాకీ ముడి పెట్టారేమో చూసి, ఉంటే తీసేయండి. మాల, మాదిగ తేడా మీ ఓట్లలో, పెళ్లి సంబంధాల్లో, కమిటీల్లో ఎలా నడుస్తోందో పైకి మాట్లాడండి. చాలా చోట్ల అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. సంఘం మొత్తంలో సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లే అయినప్పుడు నిర్ణయాలు చేసే గదిలో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టండి. నెలకు ఒక కూడిక ప్రశ్నల కోసమే పెట్టండి. అందులో "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అని పాస్టర్ గారు ఒక్కసారి అంటే, అది పది ప్రసంగాల కంటే ఎక్కువ పని చేస్తుంది. తప్పు జరిగితే ఎవరికి జరిగిందో వాళ్ల ఇంటికి వెళ్లి క్షమాపణ అడగండి. వేదిక మీద నుంచి అందరికీ కలిపి అడిగేది సరిపోదు.

ఇవి చేయడానికి టెన్షన్ పడతారని నాకు తెలుసు. మా దగ్గర లెక్కలు గోడ మీదికి రావడానికి మూడేళ్లు పట్టింది.

చేయకూడనివి కొన్నే. ప్రశ్న అడిగిన పిల్ల పేరు పెట్టి సంఘమంతటా ప్రార్థన చేయించకండి, అది ఆమెకు అవమానం. వాట్సాప్‌లో నాస్తికులను ఓడించే వీడియోలు పంపకండి. కాలేజీ మాన్పిస్తామని బెదిరించకండి. రాత్రి భోజనం వేళ ఈ చర్చ వద్దు.

నేను చెప్పిన అమ్మాయి ఇంకా ఆదివారం ఆరాధనకు రావడం లేదు. ఆ పెళ్లి తర్వాత నేను వాళ్లింటికి వెళ్లి, ఆ రోజు నేను చేసినదానికి క్షమాపణ అడిగాను. నాయనమ్మ గురించి రెండు గంటలు చెప్పింది, విన్నాను. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం చదివే కూడికకు వస్తోంది. పోయిన వారం లూకా 15 ఆమే చదివింది. తమ్ముడికి విందు జరుగుతుంటే పెద్ద కొడుకు కోపంతో గుమ్మం బయటే నిలబడటం, తండ్రి బయటికి వచ్చి బతిమాలడం దాకా చదివి, పుస్తకం మూసి, "కథ ఇక్కడే ఎందుకు ఆపేశారు? వాడు లోపలికి వెళ్లాడా, లేదా?" అని అడిగింది. మాలో ఎవరం వెంటనే జవాబు చెప్పలేదు. వచ్చే శుక్రవారం అక్కడి నుంచే మొదలుపెడతాం.